దస్తగిరి మామ పట్టు విమానం

మొన్న మా మనవరాలి కాలేజీలో సైన్సు ప్రదర్శన ఉందంటే, ఇంట్లో కూర్చుని చేసేదేముందని నేనూ వెళ్ళాను. కెమిస్ట్రీ ల్యాబు పక్కగా నడుస్తుంటే లోపల ఎవరో సీసా మూత తీశారు. తియ్యగా, చల్లగా, ముక్కులోంచి నేరుగా నుదుటికి ఎక్కే ఈథరు వాసన. గోడ పట్టుకుని నిలబడిపోయాను. “కండ్లు తిరుగుతాండాయా తాతా?” అంది పిల్ల కంగారుగా. కళ్ళు తిరగలేదు. ఆ ఈథరులో కొంత కిరసనాయిలు, కొంత ఆముదం కలిపి కాల్చితే ఎలాంటి వాసన వస్తుందో, అది చొక్కాకు పట్టుకుంటే ఎన్ని ఉతుకులకు వదులుతుందో తెలిసినవాణ్ణి నేను. పిడికిలంత ఇంజను ఒకటి చెవుల్లో గీమని మొదలయింది. దాని పక్కనే మందపాటి కళ్ళద్దాలతో, ఒక చెవి ఆకాశానికి ఒగ్గి నిలబడిన దస్తగిరి మామ కనిపించాడు.

రాయలసీమలో రేడియోతో బొమ్మ విమానాన్ని నడిపిన మొట్టమొదటి మనిషిని నేను. ఈ మాట చాలా సభల్లో చెప్పాను. రిటైరైనప్పుడు చేసిన సన్మానంలోనూ చెప్పాను, చప్పట్లు బాగానే కొట్టారు. ఎనభై దాటాక కొంచెం తగ్గించి చెప్పుకోవడం ఒంటికి మంచిది. రాయలసీమ సంగతి నాకు తెలియదు. అనంతపురం సంగతి కూడా గట్టిగా చెప్పలేను. ఊరి బయట ఆ ఎండిపోయిన చెరువులో మాత్రం నేనే మొదటివాణ్ణి. అదైనా నా గొప్ప కాదు. విమానం కట్టింది మామ, దాన్ని నడిపించే రేడియో చేసింది మామ, దాన్ని నడిపే మనిషిని తయారు చేసింది మామ. నేను చేసిందల్లా ఆయనతో ఒక అబద్ధం ఆడటం.

అరవైల మొదట్లో నేను అనంతపురంలో ఒక హైస్కూల్లో సైన్సు అయ్యవారిగా చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాది విడపనకల్లు వైపు నల్లరేగడి సేద్యం. మడక, అంటే నాగలి, వదిలి చాక్‌పీసు పట్టుకున్న కొత్త. స్కూలు రేడియో మూగబోతే దాన్ని సైకిలు మీద కట్టుకుని పాతూరులో ఒక రిపేరు అంగడికి తీసుకుపోయాను. యుద్ధకాలంలో మిలిటరీలో రేడియో మెకానిక్కుగా పనిచేసి వచ్చిన గుమ్మఘట్ట మనిషి దస్తగిరి సాబుది ఆ అంగడి. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని మామా అనేవారు. ఆయన నేను తెచ్చిన పెట్టె విప్పుతుండగా నా చూపు పైకి పోయింది. దూలానికి చేప ముళ్ళలాంటిదొకటి వేలాడుతోంది. సన్నని కర్రపుల్లలు, రెండు పక్కలా రెక్కలు, ముందు ఒక ముక్కు.

“ఏమప్పా ఐవోరూ, పైకి చూస్తాండావు? నీ రేడియో ఈడుండాది.”

“అది విమానమా మామా?”

“కాదు, పందిరి. సొరతీగె పాకిస్తామని కట్టినా.”

ఆ వేళాకోళం నన్ను గుచ్చింది. సైన్సు అయ్యవారినన్న గర్వం కూడా తోడయింది. “నాకు తెలీదా ఏమి? మద్రాసులో చదివేటప్పుడు ఇలాంటివి ఎన్ని ఎగరేశానో,” అన్నాను. ఎగరేయలేదు. ఒక ఆదివారం పూట మైదానం కంచె అవతల నిలబడి, ఎవరో దొరబాబులు తాడు కట్టిన విమానాన్ని గుండ్రంగా తిప్పుతుంటే చూశాను. కాపలావాడు తరిమేదాకా చూశాను. ఎగరేయడానికీ, ఎగరేస్తుంటే చూడటానికీ మధ్య పెద్ద తేడా ఉందని ఆ వయసులో నాకు తోచేది కాదు.

మామ తీగెలు అతికే కాలే కడ్డీని మెల్లగా పక్కన పెట్టాడు. లేచి వచ్చి నా మొహానికి జానెడు దూరంలో తన మొహం పెట్టి చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు అంతకన్నా దూరంలో మనిషి మొహం ఆనదని.

“నిజంగా ఎగరేసినావా?”

“ఓ.”

ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాడు. బెంగుళూరులో పనిచేసేటప్పుడు ఒక తెల్ల ఆఫీసరుకు ఈ పిచ్చి ఉండేదట. దేశం వదిలిపోతూ ఒక ఇంజను మామ చేతిలో పెట్టి పోయాడు. మామ దాన్ని పదిహేనేళ్ళు నూనెగుడ్డలో చుట్టి దాచాడు. నాలుగేళ్ళుగా విమానం కడుతున్నాడు. ఈలోపల కళ్ళు మసకబారాయి.

“బళ్ళారి డాక్టరు చెప్పినాడు, పోయిన చూపు ఇంగ రాదంట. ఉన్నేది గూడా ఏడాదో రెండేండ్లో. దగ్గరుండేవి చేసుకుంటా. పది గజాలు దాటితే అంతా పొగే. కట్టేది నా చేతనైతాది ఐవోరూ, ఎగరేసేది కాదు. అది ఒక్కసారి పైకి లేసి, ఒక సుట్టు తిరిగి, మళ్ళా నా కాడికి రావల్ల. ఉన్న చూపు పోయేలోపల. నీ కండ్లు ఇస్తావా?”

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. “ఓస్, అదెంత పని మామా,” అన్నాను.

ఆ తరువాత ఏడాది నా సాయంత్రాలన్నీ ఆ అంగట్లోనే. ఆ విమానం రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి ఆరడుగులు ఉండేది. నాలుగు. రెండుసార్లు టేపు పెట్టి కొలిచిన నేనే ఆరు అంటున్నాను చూడండి. ధర్మవరంలో మగ్గం మీద మిగిలిన పట్టుముక్కలు తెప్పించి, గంజి పోయేలా ఉడకబెట్టి, తడిమీదే రెక్కల మీద పరిచి లాగాము. ఆరేకొద్దీ పట్టు బిగుసుకుని, వేలితో మీటితే డప్పులా మోగింది. మామ భార్య ఖాసింబీ వాకిట్లో నిలబడి అంతా చూసేది. “ముప్పై ఏండ్ల సంసారంలో నాకు పట్టు రవికె గుడ్డ తేల్యా ఈ మనిషి. పుల్లలకు కడతాండాడు పట్టు,” అనేది. అంటూనే అంచులకు ఆమే సూది పెట్టింది. ఆ కుట్లు ఎక్కడున్నాయో వెతికినా కనిపించేవి కావు.

ఇంజనుకు పోసే ఈథరు నేను సొంత డబ్బుతో కొని తెచ్చేవాణ్ణని చాలాకాలం చెప్పుకున్నాను. అది స్కూలు ల్యాబుది. నెలనెలా ‘ఆవిరైపోయినది’ అని రిజిస్టరులో రాసేవాణ్ణి. ఈథరు ఆవిరవుతుంది, ఆ మాట అబద్ధం కాదు. ఎవరి ఇంజన్లో ఆవిరైందో మాత్రం రాయలేదు. మామకు ఈ సంగతి తెలిసిన రోజున మళ్ళీ మూగబోయిన స్కూలు రేడియోను, ల్యాబులో చెడిపోయిన మీటర్లన్నిటినీ ఊరికే బాగు చేసి పంపాడు.

రేడియో ఎలా పనిచేసేదో చెప్పకపోతే తరువాత జరిగింది మీకు అర్థం కాదు. ట్రంకు పెట్టెంత ట్రాన్స్‌మిటరు నేలమీద ఉంటుంది. దానికి పొడుగాటి కడ్డీ. దాంట్లోంచి వచ్చిన వైరు చివర ఇంటి కాలింగ్ బెల్లు స్విచ్చు ఒకటి నా చేతిలో. నొక్కి పట్టుకుంటే విమానం తోకలోని పలక కుడికి మళ్ళుతుంది. వదిలితే నేరుగా నిలుస్తుంది. మళ్ళీ నొక్కితే ఈసారి ఎడమకు. ఆపైన మళ్ళీ కుడి. అంతే. వేగం తగ్గించడం, ఆపడం మన చేతిలో లేవు. పోసిన నూనె మూడు నిమిషాలకు అయిపోతుంది, అప్పుడు ఇంజను తనంతట తాను ఆగుతుంది, విమానం జారుతూ దిగుతుంది. ఆ మూడు నిమిషాలూ దాన్ని కనుచూపులో తిప్పుతూ ఉండాలి.

చెరువులో మూడేళ్ళుగా నీళ్ళు లేవు. గట్టిపడిన నేల, అక్కడక్కడా నెర్రెలు, చుట్టూ కంపచెట్లు. మా ఇద్దరికీ అది విమానాశ్రయం. ఒక ఆదివారం పొద్దున్నే సైకిళ్ళ మీద సరంజామా మోసుకుపోయాము. మామ ఇంజను అంటించాడు. పొగ, ఆముదం వాసన, చెవులు గింగురుమనే మోత. పది అడుగులు పరుగెత్తి విమానాన్ని గాలిలోకి తోశాడు. అది లేచింది! నేను ఏదో నొక్కాను. దూరంగా పోయేది పోయేదే మెల్లగా మళ్ళి మా వైపు తిరిగింది. అక్కడే నా చదువంతా బయటపడింది. మనకు దూరంగా పోయేటప్పుడు దాని కుడి మన కుడి. ఎదురుగా వచ్చేటప్పుడు దాని కుడి మన ఎడమ. రెక్క ఒక పక్కకు వాలుతోంది. నేను నొక్కినకొద్దీ ఇంకా వాలుతోంది. నొక్కు ఎన్నోదో మరిచిపోయాను. చివరికి స్విచ్చు చేతిలో ఉందన్న సంగతే మరిచిపోయాను. రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని, “దాపటికి! దాపటికి మళ్ళు! హోయ్, దాపటికి!” అని అరిచాను.

మడక తోలనివారికి చెప్పాలి: కాడికి ఎడమపక్క కట్టిన ఎద్దు దాపటిది, కుడిపక్కది వలపటిది. పదేళ్ళ వయసునుంచీ ఎద్దుల మీద అరిచిన అరుపు అది. విమానం ఎద్దు కాదు కదా, వినలేదు. ముక్కుతో వచ్చి చెరువు నేలలో దిగబడింది.

మోత ఆగిపోయాక మామ అడిగాడు. “మద్రాసులో విమానాలకు మడక తోలే మాటలు నేర్పిస్తారేమప్పా?”

ఇక దాచడానికేమీ మిగల్లేదు. కంచె సంగతి, కాపలావాడి సంగతి, అంతా చెప్పాను. ఆయన నేలమీద కూర్చుని విరిగిన పుల్లలను వేళ్ళతో తడుముకుంటూ ఏరుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ తడిమి అది ఎక్కడిదో గుర్తుపట్టి సంచిలో వేస్తున్నాడు. ఎండ ఎక్కింది. తిట్టినా బాగుండేది.

“ఆరు నెల్ల పని,” అన్నాడు చివరికి. “నా కండ్లకు ఆరు నెల్లంటే ఎంతో నీకు తెల్సునా?”

నేను తల వంచుకున్నాను. నా తల వంచడం ఆయనకు కనపడదని అప్పుడు గుర్తొచ్చి, “తెలుసు మామా,” అన్నాను.

“రేపు పొద్దున ఇస్కూలుకు ముందర ఈడికి రా.”

మరునాటి నుంచి నా అసలు చదువు మొదలయింది. విమానం బాగయ్యేదాకా ఏం ఎగరేస్తాము? మామే విమానమయ్యాడు. రెండు చేతులూ రెక్కల్లా చాచి చెరువులో నడిచేవాడు. నేను ఒకచోట నిలబడి చప్పట కొడితే కుడికి తిరుగుతాడు, మళ్ళీ కొడితే ఎడమకు. నేను తప్పు కొడితే తప్పు దారినే పోతాడు, ఆగడు. మూడోరోజు నేను తికమకపడి కొట్టిన చప్పటకు నేరుగా కంపచెట్టులోకి నడిచాడు. చేతులు గీరుకుపోయి నెత్తురు కారింది.

“అయ్యో, ఆగచ్చు కదా మామా!”

“విమానం ఆగుతాదా? దానికి కండ్లుండాయా? నాకూ ల్యా. కండ్లు నీకాడుండాయి, దాని పాపం నీదే.” ముళ్ళు పీక్కుంటూ నవ్వాడు. తరువాత నన్ను దగ్గరికి పిలిచి భుజం మీద చేయి వేశాడు. “నీ తప్పు యాడుండాదో చెప్తా విను. నువ్వు ఎద్దుల ముందర నిలబడి మడక తోలుతాండావు. సేద్యం ఇంట్లో పుట్టినోడివి, ఎవురన్నా అట్ల తోలుతారా? ఎద్దుల ఎనక్కి పో. నేను నీ దిక్కు వస్తాంటే, నువ్వు నా దిక్కు ఈపు తిప్పి, భుజం మీదినుంచి చూడు. అప్పుడు నీ దాపట నా దాపట ఒకటే.”

వీపు తిప్పి మెడ తిప్పి చూశాను. అంతే. అంతవరకూ తలకిందులుగా ఉన్న లోకం సరిగ్గా నిలబడింది. ఆ తరువాత ఆయన కంపలోకి నడవలేదు. నిజానికి ఇంకో రెండుసార్లు నడిచాడు. ఆ రాత్రుళ్ళు ఖాసింబత్త ఆయన చేతులకు పసుపు రాస్తూ నన్ను ఏమేమి తిట్టిందో ఇక్కడ రాయను.

పుల్లలు అతకడానికి ఆరు నెలలు కాదు, ఎనిమిది నెలలు పట్టింది. ఆయన చూపు తగ్గింది మరి. చివరి రెండు నెలలు ఆయన వేళ్ళతో కొలిచి చెబితే నేను కోసేవాణ్ణి.

రెండోసారి చెరువులోకి పోయినరోజు ఖాసింబత్త కూడా వచ్చి కట్టమీద కూర్చుంది. ఈసారి విమానాన్ని తోసింది నేను, తోసి పరుగున వచ్చి స్విచ్చు అందుకున్నాను. మామ నా పక్కనే నిలబడ్డాడు. ఆయనకు చిక్కేది శబ్దమే, కానీ ఆ శబ్దంతోనే నాకన్నా ముందు తెలిసేది. “మళ్ళింది... మన దిక్కు వస్తాండాది, మోత గొంతు సన్నమైంది సూడు. ఈపు తిప్పు. ఆఁ. రెక్క యా పక్క వాలింది? దాపట? అయితే వలపటికి ఒక్క నొక్కు. నొక్కి వదులు. ఎన్నో నొక్కు? లెక్క పెట్టుకో.” ఇంజను మోత, ఆయన మాట, ఈ రెండే లోకంలో ఉన్నాయి. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు. మూడోది మా నెత్తిమీదుగా పోయింది. ఎండలో పట్టు మెరిసింది. కట్టమీది నుంచి ఖాసింబత్త “యా అల్లా!” అన్నది వినపడింది.

ఇంజను ఆగింది.

మామ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. దీపం ఆరిపోయిన గదిలో మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. చేయి చాచి నా మోచేయి పట్టుకున్నాడు. “ఇంగ నాకేమీ తెల్దు. నువ్వే చెప్పు.”

“ఆహా మామా! గరుడపక్షి మాదిరి, ఆకాశమంతా రెక్కలు పరిచి...”

“గరుడపక్షి వద్దప్పా!” వేళ్ళు నా చేతిలో దిగాయి. “నాలుగేండ్లు కట్టినా, రెండేండ్లు కాచుకున్నా. నాకు అదే కావల్ల. ఎంత ఎత్తుండాది? యా దిక్కుండాది? ఉన్నేది ఉన్నట్ల చెప్పు.”

అంతవరకూ నా జీవితంలో నేను ఏదీ ఉన్నది ఉన్నట్టు చెప్పి ఎరగను. మాటలు వెతుక్కోవలసి వచ్చింది. “రెండు తాటిచెట్లంత... కాదు, ఒకటిన్నర. తూర్పున ఉంది. మనకు పక్కగా పోతోంది. కుడిరెక్క కొంచెం కిందికి ఉంది. నొక్కాను. సమమైంది. మళ్ళింది. మన వైపు వస్తోంది. ఎత్తు తగ్గింది, ఇంటి మిద్దె అంత. నీడ కనపడుతోంది మామా, నేలమీద నీడ దానికి దగ్గరవుతోంది. మనిషి ఎత్తు. మోకాలెత్తు. నీడను తాకింది. దొర్లుతోంది... నెర్రెలో చక్రం పడింది. ముక్కుమీదికి తూలింది. ప్రొపెల్లరు విరిగినట్టుంది. రెక్కలు బాగున్నాయి. నిలిచిపోయింది. నలభై అడుగుల్లో ఉంది.”

మామ నా చేయి వదిలి నడిచాడు. లెక్కపెట్టుకుంటూ నేరుగా నడిచాడు. కాలు తగిలేంతలో ఆగి, వంగి, రెండు చేతులతో దాన్ని తడిమాడు. “నలభై రెండు,” అన్నాడు. వెచ్చగా ఉన్న ఇంజను మీద అరచేయి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఖాసింబత్త కట్ట దిగి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, రెక్క చివర ఊడిన కుట్టును వేలితో సర్దింది.

“ఇంగోసారి చెప్పు ఐవోరూ,” అన్నాడు మామ. “తోసినకాడ్నించి.”

చెప్పాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా, ఆయన ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, ఒక అంగుళం పెంచకుండా చెప్పాను. నాలుగోసారి చెబుతుంటే నీడ నేలను తాకిన చోట ఆయనే నాకన్నా ముందు “ఆఁ, ఇప్పుడు,” అన్నాడు. ఆ విమానాన్ని ఆయన చూశాడు. ఈ ఒక్క మాట మాత్రం నేను తగ్గించను.

ఆ తరువాత దాన్ని వందసార్లు ఎగరేశామని మా పిల్లలకు చెప్పాను. ఏడుసార్లు. ఆ మరుసటి ఏడు ఆయన చూపు పూర్తిగా పోయింది. అంగడి మాత్రం మూయలేదు. తంతులు తడిమి, చెవి పెట్టి రేడియోలు బాగు చేసేవాడు. విడిభాగాల మీద ఉండే రంగు గీతలను ఖాసింబత్త చూసి చెప్పేది. ఎర్ర, పచ్చ, ఊదా అంటూ ఆమె చదువుతుంటే గిరాకీలు నోరు తెరుచుకుని చూసేవారు. నేను బదిలీ అయ్యేదాకా ప్రతి సాయంత్రమూ పోయేవాణ్ణి. పోగానే ఒకటే ప్రశ్న అడిగేవాడు: “మోడం పట్టిందా?” ఊరంతా వానమబ్బు కోసం ఆకాశం వైపు ఆశగా చూసే రోజులు. దారిన పోయేవాళ్ళంతా ఆయన్ని సంతోషపెట్టడానికి “పట్టింది మామా, ఈ రాత్రికి ఖాయం,” అనేవారు. ఆయన తలూపి ఊరుకుని, నా అడుగుల చప్పుడు వినపడ్డాక మళ్ళీ అడిగేవాడు. నేను బయటికి పోయి, నాలుగు దిక్కులూ చూసి వచ్చి చెప్పేవాణ్ణి. చాలా రోజులు చెప్పిన మాట “లేదు మామా” అనే. ఆ మాటకు ఆయన ఎన్నడూ చిన్నబుచ్చుకోలేదు. “సరే, కూచో,” అనేవాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను కోతలు కోయడం మానలేదు. మానినట్టు చెబితే అదో పెద్ద కోత. కానీ ఎవరైనా కళ్ళు నాకు అప్పగించి అడిగినప్పుడు, నా మోచేతి మీద ఎవరివో వేళ్ళు బిగుసుకుంటాయి. ఈ సాయంత్రం కూడా వాకిట్లోకి వచ్చి పడమరకు చూశాను. మబ్బు ఉంది. కొండంత.

కాదు. అరచేయంత. వానమబ్బు కాదు మామా.